తుమ్ముకు ఎగిరిన బుడగ

ఆవిడ పళ్ళ డాక్టరు. ఆవిడ చెయ్యి పడితే పన్ను ఊడిందో లేదో కూడా తెలియదనేవాళ్ళు. పక్షవాతం వచ్చాక ఆ కుడిచెయ్యే పిడికిలి బిగుసుకుపోయి ఒళ్ళో పడి ఉంటోంది. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి మంచీచెడ్డా అంతా చెల్లెలే చూసుకుంటోంది.

థెరపీ గదిలో ఆ చేతికి యంత్రపు గ్లౌజు తొడిగేవారు. ముంజేతికి అంటించిన బిళ్ళలు కండరం చేసే ప్రయత్నాన్ని పసిగడతాయి. వేళ్ళు తెరవాలని ఆవిడ పూనుకుంటే ఎదుటి తెర మీద ఎర్రబుడగ లేస్తుంది, గ్లౌజు వేళ్ళను మెల్లగా విప్పుతుంది. మొదట్లో బుడగ నేలకు అతుక్కుపోయి ఉండేది. ఆవిడ తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. ఉన్నట్టుండి ఒక సోమవారం బుడగ లేచింది. ఇక రోజూ లేస్తూనే ఉంది. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. క్లినిక్కు తాళం తీయించి దుమ్ము దులిపించింది. పాత పేషెంట్లకు ఫోన్లు చేసి వచ్చేనెల రమ్మని కూడా చెప్పేసింది.

ఒకరోజు గ్లౌజుతో ఊరికే కూర్చుని ఉండగా తుమ్మొచ్చింది. బుడగ ఎగిరి తెర పైఅంచుకు కొట్టుకుంది. వేళ్ళు విచ్చుకున్నాయి.

అసలా క్షణంలో వేళ్ళ సంగతే ఆవిడ తలచుకోలేదు.

"ఇదేమిటి?" అని ఫిజియోథెరపిస్టును అడిగింది. ఆమె చెల్లెలి వైపు చూసింది.

"నేనే అడిగానక్కా," అంది చెల్లెలు. "కండరం ఏ కాస్త అదిరినా బుడగ ఎగిరేలా పెట్టమన్నాను. నువ్వు మెతుకు ముట్టడం లేదు. నన్నేం చెయ్యమంటావు?"

"పుచ్చిన పన్ను బాగానే ఉందని నేనెవరికైనా చెప్పానా?"

ఆవిడ థెరపిస్టు వైపు తిరిగింది.

"ఉన్నది ఉన్నట్టు చూపించండి," అంది. బుడగ మళ్ళీ నేలకు దిగి అక్కడే కూర్చుంది.

ఆ సాయంత్రం చెల్లెలితో మాట్లాడకూడదనుకుంది. కానీ జడ వేయాలన్నా, గుండీలు విప్పాలన్నా ఆమే కావాలి. మర్నాడు పేషెంట్లకు తనే ఫోన్లు చేసి రావద్దంది. ఎందుకని అడిగినవాళ్ళకు, చెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదని చెప్పింది.

వారాలు గడిచాక బుడగ నేల మీద నుంచి వెంట్రుకవాసి లేచి పడిపోయింది.

"ఇది నాదేనా?"

"మీదేనండీ," అంది థెరపిస్టు. "కానీ మళ్ళీ పనిముట్లు పట్టేదాకా వస్తుందని మాత్రం చెప్పలేను."

"చెప్పమనలేదుగా. ఇంకోసారి పెట్టండి."

"బాగా లేచిందక్కా," అంది వెనకనుంచి చెల్లెలు.

ఆవిడ ఆ మాట విని, నిజమో కాదో తేల్చుకోవడానికి థెరపిస్టు మొహంలోకి చూసింది. అలా చూడటం చెల్లెలి కంట పడింది.