వెంబకోట్టై పేను

సర్... సర్...

అమ్మ ఒళ్లో ఉడతపిల్ల. దాని వీపు మీద పేలదువ్వెన చప్పుడు అది.

రాలిన పేలను అమ్మ నా ట్యూబులో వేస్తుంది. నా పీహెచ్‌డీకి మా అమ్మ ముత్తమ్మాళ్ అసిస్టెంటు! కోవిల్‌పట్టిలో మా వీధంతా నవ్వుతుంది... నవ్వనీ.

ఆ ఉడతపిల్లను మా నైనా తెచ్చాడు. ఆయనిప్పుడు కారియాపట్టి సంతలో మూటలు మోస్తున్నాడు. అక్కడి చింతచెట్టు కింద దొరికిందట.

టపాసుల పని మానేశాడు. వెంబకోట్టై టపాసుల షెడ్డులో మా అన్న వసంతకుమార్ కాలిపోయాక, అమ్మ అరచేతిలో కర్పూరం వెలిగించి నైనా ముందు చాపింది.

"దీని మింద కొట్టి సత్తియం చెయ్యి. ఇంక టపాస్ మందు ముట్టనని."

నైనా కొట్టాడు. కర్పూరం ఆరింది.

ఆ రోజు నుంచే అమ్మకు కాస్త నిద్ర పడుతోంది.

విరుదునగర్ కాలేజీ ల్యాబులో నేను ఉడత పేల జన్యువులు చూస్తాను. పైకి అన్ని పేలూ ఒకటే. లోపల మాత్రం ఊరికో వంశం. ఉడత ఊరు దాటదు. పేను ఉడతను దాటదు. కారియాపట్టి పేను వేరు, సాత్తూరు పేను వేరు, వెంబకోట్టై పేను వేరు.

మా ఉడతపిల్ల పేల ఫలితం వచ్చింది.

వెంబకోట్టై.

ఛీ, ట్యూబు మారుంటుంది! నన్ను నేనే తిట్టుకుంటూ మళ్లీ చేశాను. మళ్లీ —

వెంబకోట్టై.

 ఆ షెడ్డుల పక్క వేపచెట్ల ఉడతలకు పేలు దువ్వి వదిలింది నేనే కదా... అదే వంశం. పిసరంత తేడా లేదు.

ఫోన్ చేశాను.

"నైనా, ఉడతపిల్ల యాడిది?"

"కారియాపట్టిదే అమ్మా. ఎందుకు?"

ఎంత నున్నగా చెప్పాడు! ఒళ్లు మండిపోయింది. ఆ వెంటనే భయం. అన్న కూడా అంతే, సద్దిడబ్బా పట్టుకుని నవ్వుతూనే వెళ్లాడు...

బస్సెక్కి ఇంటికొచ్చాను. గడప దగ్గర నైనా చెప్పులు విడుస్తున్నాడు. గోళ్ల అంచుల్లో వెండి రంగు టపాస్ మందు పొడి. అయ్యో దేవుడా, ఇన్నాళ్లూ నా కళ్లేమయ్యాయి?

లోపల — సర్... సర్...

చెబితే అమ్మ తట్టుకోలేదు. చెప్పకపోతే నైనా...

నోరు ఆగలేదు.

"నైనా, రేపు ఆడికి పోవద్దు."

"యాడికి?" అన్నాడు, నా ముఖం చూడకుండా.

సర్...

లోపల దువ్వెన ఆగింది.