ఆఖరి ముడి

తొంభై మూడో చిరుగు దగ్గర నెనిటా మోకాలు మార్చుకుంది. ఎడమ మోకాలు నేలకు ఆనించి, కుడి పాదంతో వల అంచును అదిమిపట్టి, తెగిన కన్నుల కొసలను కత్తితో సరిచేసి, దారం చుట్టిన వెడల్పాటి చెక్క సూది దింపింది. చుట్టి, దూర్చి, లాగి, బిగించి. మళ్ళీ చుట్టి, దూర్చి, లాగి, బిగించి. సముద్రంలో చేపలు పెంచే చోటి నుంచి వచ్చిన వల అది. ఎంత కడిగినా ఉప్పు వాసన వదలలేదు. షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసదాకా నల్లగా పరుచుకున్న ఆ వల మధ్య, ఆమె పసుపు స్వెటరు ఒక్కటే రంగు.

ఆమెకు నలభై మూడేళ్ళు. పొట్టి మనిషి. చూపుడు వేలి మొదటి కణుపు మీద దారం కోసిన గాడి ఒకటి ఉంది. ఫిలిప్పీన్స్‌లోని నవోటాస్ రేవులో, తండ్రి పక్కన కూర్చుని పన్నెండో ఏట సంపాదించుకున్నది. నార్వే పడమటి తీరంలోని ఈ దీవికి వచ్చిన మూడున్నరేళ్ళలో అది ఇంకొంచెం లోతైంది.

"నీకే రంగు ఇష్టం?" అని అడిగాడు తూర్లైఫ్, వలకు అవతలి పక్క నుంచి. ఆయన ఇక్కడి ఫోర్మన్. ఆరున్నర అడుగుల మనిషి, మాటలు మాత్రం పొట్టివి.

"ఎందుకు కూయా?" పెద్దన్నను తన భాషలో పిలిచినట్టే ఆమె ఆయనను పిలుస్తుంది.

"ఊరికే."

"ఆకుపచ్చ. మా నాన్న పడవ రంగు."

ఆయన తల ఊపి పనిలో పడ్డాడు. ప్రతి వలకూ ఆఖరి ముడి ఫోర్మన్‌దే. మిగతా ముడులన్నీ నల్లదారంతో ఉంటాయి; తూర్లైఫ్ వేసేది ఎర్రదారం. గాలివానకు వల తెగి చేపలు పోతే, జవాబు చెప్పవలసింది ఎవరో ఆ ముడి రంగే చెబుతుంది. ముప్ఫై ఒక్కేళ్ళుగా ఈ తీరం ఆ ఎర్రముడిని నమ్మింది. ఇవాళ శుక్రవారం, ఆయనకు పనిలో చివరి రోజు.

సోమవారం నుంచి ఆ స్థానం నెనిటాదేనని యజమానురాలు రాగ్నిల్ పది రోజుల క్రితమే చెప్పింది. ఆ సాయంత్రం నెనిటా కూతురికి ఇష్టమైన పాన్సిత్ నూడుల్స్ వండి, తిన్నాక, పర్మిట్ కాగితం తీసి చదివింది. పని: వలలు బాగుచేయడం. మర్నాడు వలస కార్యాలయానికి ఫోను చేస్తే అవతలి గొంతు ఓపికగా చెప్పింది. ఫోర్మన్ పని వేరు. దానికి కొత్త పర్మిట్ కావాలి. అది చేతికి వచ్చాకే పని మొదలుపెట్టాలి. ఐదు నెలల క్రితం పెట్టిన శాశ్వత నివాసపు దరఖాస్తు ఇప్పటి పర్మిట్ మీదే నడుస్తోంది. అనుమతి లేని పని చేసినట్టు తేలితే అది నిలవకపోవచ్చు. తల్లి పర్మిట్ మీదే పదమూడేళ్ళ అమిహన్ ఈ ఊరి బడిలో చదువుతోంది, బడి బ్యాండులో కార్నెట్ వాయిస్తోంది.

నెనిటా ఇదంతా రాగ్నిల్‌కు చెప్పింది. "కాగితాలు వాటంతటవే వస్తాయిలే," అంది రాగ్నిల్.

పదకొండున్నరకు అందరూ రొట్టెల డబ్బాలు తెరుస్తుండగా రాగ్నిల్ బాదం పేస్టు కప్పిన కేకు పట్టుకొచ్చింది. పైన 'తూర్లైఫ్‌కు కృతజ్ఞతలు' అనీ, కింద 'ఫోర్మన్ నెనిటా' అనీ రాసి ఉంది.

"సోమవారం అన్నావుగా," అన్నాడు తూర్లైఫ్. "కేకుకి తొందరెక్కువైనట్టుంది."

"కాగితం రాలేదు రాగ్నిల్," అంది నెనిటా.

"సరే, పేరొద్దు. జీతం కూడా పాతదే ఇస్తా. ఊరికే ముడి వేసిపెట్టు. ఎవరు చూడొచ్చారు?"

"ఆ ముడి ఉన్నదే చూడ్డానికి కదా."

రాగ్నిల్ కాఫీ కప్పు దించింది. "సోమవారం మూడు వలలు పోవాలి. ముడి లేకుండా ఎవరూ తీసుకోరు. బయటివాళ్ళని పెట్టుకున్నానంటే మళ్ళీ తీసెయ్యలేను. అప్పుడీ చోటు నీకు దక్కదు. తెలుసా?"

"తెలుసు."

నెనిటా కత్తి అందుకుంది. తన పేరున్న వరసను ఈ చివర నుంచి ఆ చివరకు నిదానంగా కోసి, తన పళ్ళెంలో పెట్టుకుని, పొడి కూడా మిగలకుండా తినేసింది.

"సాక్ష్యం మింగేసింది," అన్నాడు తూర్లైఫ్. బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. రాగ్నిల్ కూడా నవ్వింది, కొంచెం ఆలస్యంగా.

నవ్వులు తగ్గాక నెనిటా గొంతు వినిపించింది. "నీకు ముడి వచ్చు రాగ్నిల్. పోయిన చలికాలం పడవ కట్టేటప్పుడు చూశా. అది మీ నాన్న ముడి."

"సూది పట్టి ఇరవై ఏళ్ళయింది. ఈ వేళ్ళకిప్పుడు కంప్యూటర్ తప్ప ఏమీ తెలీదు."

"నా కాగితం వచ్చేదాకా నువ్వే వెయ్యి. బాగుచేసేది నేను. వలలో ప్రతి కన్నూ చూసేది మాత్రం నువ్వే. నేను పక్కన నిలబడి చెప్పను, అదీ ఫోర్మన్ పనే."

ఆ ఊళ్ళో పెద్దమాటలు ఎవరూ మాట్లాడరు. యజమానురాలు తన ఇస్త్రీ ప్యాంటుతోనే వల మీద మోకరిల్లింది. మొదటి ముడి జారింది. రెండోదీ జారింది. నెనిటా ఆమె చేతిని తాకలేదు. ఎదురుగా కూర్చుని తన చిరుగులో తాను, కావాలని నెమ్మదిగా, చుట్టి, దూర్చి, లాగి, బిగించింది. రాగ్నిల్ కళ్ళు ఆ వేళ్ళ మీదే ఉన్నాయి. మూడో ముడి నిలిచింది. తూర్లైఫ్ దాన్ని బూటు కింద తొక్కిపట్టి, రెండు చేతులా గుంజి చూశాడు.

"ఆగుతుంది," అన్నాడు. ముప్ఫై ఒక్కేళ్ళలో ఆయన నోట అంతకు మించిన మెప్పు ఎవరూ వినలేదు.

"ఇక రోజూ పై ఆఫీసు నుంచి కిందికి దిగాలన్నమాట," అంది రాగ్నిల్ మోకాళ్ళు దులుపుకుంటూ.

"కింద కాఫీ బావుంటుంది," అన్నాడాయన.

మూడు గంటలకు నెనిటా బాగుచేసిన వలను తూర్లైఫ్ చివరిదాకా తడిమి చూసి, ఎర్రముడి వేశాడు. సూదిని జేబులో పెట్టుకున్నాడు. టోపీ తగిలించుకున్నాడు. "సరే మరి," అన్నాడు, ప్రతిరోజూ అన్నట్టే. తలుపు తెరుచుకుని, మూసుకుంది. పడవ మోటారు చప్పుడు కాసేపు దగ్గరగా, తర్వాత దూరంగా వినిపించి ఆగిపోయింది.

నాలుగింటికి నెనిటా లేచి నడుము సవరించుకుంది. అప్పుడు చూసింది, గోడకు ఆయన తన సూది తగిలించే మేకును. అక్కడ కొత్తగా చెక్కిన సూది ఒకటి వేలాడుతోంది, చివరిదాకా దారం నిండి. ఆమె చెయ్యి చాపింది. తాకబోయి, వెనక్కి తీసుకుంది. స్వెటరు మీది నూలుపోగులు ఏరుకుని, తన నల్లదారపు సూదిని తన మేకుకే తగిలించి, దీపం ఆర్పి వెళ్ళింది.

ఎర్రదారం రాసుకుని రాసుకుని నునుపెక్కిన ఆ పాత మేకుకు, ఇంకా ఎవరూ ముట్టని ఆకుపచ్చ దారపు సూది, మూసిన తలుపు గాలికి కొద్దిగా ఊగుతూ ఉంది.