మూడు రోజుల ధైర్యం, ఎనిమిది మఖమల్ ముక్కలు

మూడు రోజుల క్లాసుకు వెళ్ళి అన్నయ్య ఆత్మవిశ్వాసం తెచ్చుకున్నాడు. అంతకుముందు అది ఆయనకు తక్కువైందని ఎవరికీ అనిపించలేదు. కుట్టుషాపు కౌంటర్లో కూర్చుని, గుడ్డ పట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ "రేపు సాయంత్రానికల్లా" అని పదిహేనేళ్ళుగా కళ్ళార్పకుండా చెబుతున్న మనిషికి ఇంకెంత కావాలి? అయినా వెళ్ళాడు. వచ్చేటప్పుడు చొక్కా జేబుకు ఒక బిళ్ళ, చంకలో నాలుగు లావుపాటి పుస్తకాలు, గొంతులో కొత్తగా ఒక గరగర తెచ్చాడు.

షాపు తండ్రి పెట్టింది. ఆయన బతికుండగా కొడుక్కీ కూతురికీ ఇద్దరికీ కత్తెర పట్టడం నేర్పబోయాడు. కొడుకు కోసిన మొదటి చొక్కాకు రెండు చేతులూ ఎడమవే వచ్చాయి. అప్పటినుంచి కౌంటర్ అతనిది, కటింగ్ బల్ల చెల్లెలిది. ఆ పిల్ల నలుగురిలో నోరు విప్పేది కాదు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే తనదే తప్పేమో అనుకునే రకం. ఆ బల్ల ముందు నిలబడ్డప్పుడు మాత్రం నడుము నిటారుగా ఉండేది. ఆమెకు లోకంలో తనదంటూ ఉన్న చోటు ఆ ఆరడుగుల చెక్కే.

గుడ్డ వస్తే ముందు అరచేత్తో నిమిరేది. రెండుసార్లు కొలిచేది. సుద్దతో వెనకవైపు గుర్తులు పెట్టేది. అప్పుడు గాని కత్తెర తీసేది కాదు.

క్లాసు నుంచి వచ్చిన మర్నాడే అన్నయ్య ఆమె వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటే ఆ నిమరడం? గుడ్డా, పిల్లికూనా?"

"చూసుకుంటున్నా అన్నయ్యా."

"అదే నీ జబ్బు! ఒకసారి కొలిచావు కదా, మళ్ళీ ఎందుకు? నీ మీద నీకు నమ్మకం లేదు. ఆ సుద్దగీత ఉంది చూశావూ, అది గీత కాదు, నీ భయం."

"అది భయం కాదు, చొక్కా భుజం," అన్నాడు మిషను మీదినుంచి ముసలి దర్జీ, తల ఎత్తకుండా.

ఆ మాటకు శిక్ష అక్కడికక్కడే పడింది. ఆ రోజునుంచి షాపులో అనుమానం మాట ఎవరి నోట వచ్చినా, ట్రయల్ రూము అద్దం ముందు నిలబడి "నా మీద నాకు నమ్మకం ఉంది" అని పదకొండుసార్లు అరవాలి. ముసలి దర్జీ అరిచాడు. అరవై ఏళ్ళ మనిషి, పాపం, ఏడోసారికి దగ్గు వచ్చి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. లోపల ప్యాంటు వేసి చూసుకుంటున్న పెద్దమనిషి ఆ ప్యాంటుతోనే బయటికి పరుగెత్తాడు.

వారం తిరక్కుండా చెల్లెల్ని వెనకగదిలోకి పంపారు. స్కూలు చొక్కాలకు గుండీలు కుట్టాలి. "నమ్మకం కుదిరాక బల్ల దగ్గరికి వద్దువుగాని," అన్నాడు అన్నయ్య దయగా. బల్ల మీద తన పుస్తకాలు పరుచుకున్నాడు.

"నువ్వైనా చెప్పు వదినా," అంది ఆమె.

"నేను చెప్తే నాకూ అద్దమే," అంది వదిన. "నిన్న కూరలో ఉప్పు ఎక్కువైందేమో అన్నాను. ఇంట్లో కూడా అరిపించాడు. పక్కింటావిడ వచ్చి ఏమైందమ్మా అని అడిగింది."

అలా ఉండగా పెద్ద పని వచ్చింది. నాటకాలాడే హాలుకు స్టేజీ తెర. ముదురెరుపు మఖమల్, ఎనిమిది నిలువు ముక్కలు పక్కపక్కన జతచేసి కుట్టాలి. గుడ్డ హాలువాళ్ళే ఇచ్చారు. ఆ రంగులో మళ్ళీ దొరకదనీ చెప్పారు.

వెనకగది గుమ్మంలో నిలబడి చెల్లెలు ఒక్కమాట అంది. "అన్నయ్యా, మఖమల్‌కి నూగుంటుంది. ఒకవైపు నిమిరితే పడుకుంటుంది, ఎదురు నిమిరితే లేస్తుంది. అన్ని ముక్కలూ ఒకే దిక్కున వేలాడాలి. ప్రతి ముక్క వెనకా ఒక బాణం గుర్తు..."

"అద్దం," అన్నాడు అన్నయ్య.

ఆమె అరిచి వచ్చేసరికి కోత అయిపోయింది. వెన్నలో చాకు దింపినంత అనాయాసంగా కోశాడు. గుడ్డను ముందుకీ వెనక్కీ మడతలు వేసి, మడత మడత దగ్గరా తెగ్గొట్టి, దొంతి పెట్టాడు. అలా మడిస్తే ఒక ముక్క తల ఉన్నచోట దాని కింది ముక్క కాళ్ళు వస్తాయి. గుర్తు లేదు కాబట్టి తల ఏదో కాళ్ళేవో ఇక ఆ దేవుడికే తెలియాలి. ముసలి దర్జీకి మూడో ముక్క కుడుతుండగానే వేళ్ళకు తేడా తగిలింది. చెబుదామని నోరు తెరిచాడు. ట్రయల్ రూము వైపు చూశాడు. నోరు మూసుకుని ఎనిమిదీ కుట్టేశాడు.

తెర కట్టే రోజున కొక్కేలు కుట్టడానికి చెల్లెల్ని కూడా హాలుకు తీసుకెళ్ళారు. మేనేజరమ్మ పొట్టి మనిషి, నడుముకు తాళాల గుత్తి. తెర పైకెక్కింది. దీపాలు వేశారు.

ఒక ముక్క ముదురు, పక్కది వెలిసినట్టు. మళ్ళీ ముదురు, మళ్ళీ వెలిసినట్టు. రాజుగారు బయటికి రావాల్సిన తెర కాస్తా పైజామా గుడ్డలా వేలాడుతోంది.

"ఇదేమిటండీ?" అంది మేనేజరమ్మ.

"ఏది?" అన్నాడు అన్నయ్య. అబ్బో, ఆ ఒక్క మాటతోనే మూడు రోజుల క్లాసు ఖర్చు రాబట్టుకున్నాడు.

"చారలు."

"అవి చారలు కావు మేడమ్, లోతు. చూసే కంటికి నమ్మకం ఉండాలి. ఆ మాటకొస్తే మీ దీపాల్లోనే..."

"దీపాలు పాతికేళ్ళుగా అవే. కుర్చీలూ అవే. మీరొక్కరే కొత్త." ఆమె వెనక్కి తిరిగింది. "నాలుగు రోజుల్లో నాటకం ఉంది. ఇది బాగుపడుతుందా లేదా? ఎవరు చెప్తారు?"

అన్నయ్య ఛాతీ పొంగించాడు. "మేం చేయలేనిది ఈ..."

"పడుతుంది," అంది చెల్లెలు.

గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, నిచ్చెన దిగుతున్న మనిషి ఆగి ఎవరా అని చూశాడు. ఆమెకు చెవులు వేడెక్కాయి. కానీ అరచెయ్యి తెర మీదే ఉంది. ఒక ముక్క మీద కిందికి నిమిరింది, పక్క ముక్క మీదికి జరిపింది. అక్కడ చెయ్యి గరుకుగా ఆగింది.

"నాలుగు ముక్కలు తలకిందులుగా ఉన్నాయి. జోడింపులు విప్పి ఆ నాలుగూ తిప్పి కుట్టాలి. పైన మడత, కింద మడత రెండూ విప్పాలి కాబట్టి జానెడు పొడవు తగ్గుతుంది."

"పూర్తి నమ్మకమేనా?"

"నూగు సంగతి నమ్మకమే. మీ దీపాల కింద ఎలా కనబడుతుందో ఇక్కడ నిలబడి చెప్పలేను. రేపు ఒక్క ముక్క తిప్పి, పక్కన వేలాడదీసి చూస్తా. తప్పయితే తప్పని చెప్తా."

అన్నయ్య నెత్తి పట్టుకున్నాడు. "అలా చెప్పకూడదే! కస్టమర్ ముందు!"

మేనేజరమ్మ అతనివైపు చూడనైనా లేదు. గుత్తిలోంచి పక్కతలుపు తాళంచెవి ఒకటి తీసి చెల్లెలి చేతిలో పెట్టింది. "పొద్దున ఎనిమిదికి రా అమ్మా. ఈయన్ని తేనక్కర్లేదు."

తెర మడిచి వ్యానులో వేసుకుని బయల్దేరారు. మొదటి మలుపు దాకా అన్నయ్య కిటికీలోంచి బయటికి చూశాడు. రెండో మలుపుకు మనిషి తేరుకున్నాడు. అది మాత్రం మెచ్చుకోవాలి.

"చూశావా, ఎంత ధైర్యంగా మాట్లాడావో! ఇన్నాళ్ళు నీ వెంటపడ్డది ఇవాళ్టికి ఫలించింది. వచ్చే క్లాసులో నీ గురించి చెప్తాను."

"చెప్పు," అంది చెల్లెలు. "కాస్త జరుగు. మఖమల్ మీద కూర్చున్నావు, నూగు నలుగుతుంది."

జరిగాడు.

"షాపుకెళ్ళగానే బల్ల ఖాళీ చెయ్యి. ఇది పరచాలి."

"సాయంత్రం చూద్దాం లే, పుస్తకాలు ఎక్కడ పెట్టాలో..."

"సాయంత్రం కాదు," అంది ఆమె. "దిగగానే."