ఎర్ర డబ్బా, తెల్ల డబ్బా

మా షెరిన్ మేడం మంచి మనిషి. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఆవిడ తెచ్చిపెట్టిన తంటా గురించి మొదలెట్టానంటే ఇక మంచి మాట నా నోటికి రాదు.

కాసరగోడ్‌లో మా నీటి పథకాల ఆఫీసుకి ఆవిడ పెద్ద ఇంజనీరుగా వచ్చింది. వచ్చీ రాగానే అందరినీ వరండాలోకి పిలిచింది. ఇకమీదట పనికిరాని కాగితాన్ని చెత్తబుట్టలో వేయొద్దని, ఒక్కచోట పోగేస్తే ప్రతి శుక్రవారం మిల్లు బండి వచ్చి పట్టుకుపోతుందని, అది మళ్లీ కొత్త కాగితమై వస్తుందని చెప్పింది. చెప్పి, గోడవారగా నడుమెత్తు ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టించింది. ఆ రోజు కొట్లో దొరికింది ఆ ఒక్క రంగేనట. ఎరుపు.

చదువంతా ఢిల్లీలో వెలగబెట్టిన మనిషి. మా ఆఫీసులో రంగు అంటే ఏమిటో ఆవిడకేం తెలుసు?

మా దగ్గర సంఘాలు రెండు. ఎర్ర సంఘానికి నాయకుడు హెడ్ క్లర్కు కుంజికణ్ణన్. ఎవరినైనా సరే 'సఖావే' అనే పిలుస్తాడు, కామ్రేడ్ అని. టీ కొట్టు పిల్లిని కూడా అలాగే పిలుస్తాడు. ఖద్దరు సంఘానికి నాయకుడు అకౌంట్స్ ఆంటో. చొక్కా మడత నలగకుండా కూర్చోవడమే ఆయన చేసే ఉద్యోగమని కుంజికణ్ణన్ అంటుంటాడు. ఆఫీసులో అందరూ అయితే అటు, కాకపోతే ఇటు. మధ్యలో ఉన్నది తపాలా సీట్లో కూర్చునే ఈ వత్సల ఒక్కతే.

నాకు మధ్యలో ఉండాలని సరదా ఏం లేదు. మా ఇల్లు రాత్రంతా రైల్లో వెళ్లాల్సినంత దూరాన, చేర్తలలో ఉంది. మా ఆయన అక్కడే కొబ్బరిపీచు చాపల కొట్లో పనిచేస్తాడు. మా మాలు మూడో తరగతి. శుక్రవారం రాత్రి రైలెక్కి వెళ్తాను, ఆదివారం రాత్రి రైలెక్కి వచ్చేస్తాను. ఓ శనివారం గుమ్మంలో చెప్పులు విడుస్తుంటే మాలు లోపలికి పరుగెత్తి, చుట్టాలొస్తే తీసే పూల గాజు గ్లాసులో జీలకర్ర నీళ్లు పోసి, పళ్లెంలో పెట్టి తెచ్చింది. "ప్రయాణం బాగా జరిగిందా?" అని అడిగింది. నేను నవ్వి, నీళ్లు తాగి, స్నానాలగదిలోకి వెళ్లి ఏడ్చాను.

అప్పటినుంచి నాకు ఒకటే యావ. చేర్తలకి బదిలీ కావాలి. బదిలీ జాబితాలో పేరు ఎక్కించడం ఏ సంఘం వల్లా కాదు గానీ, ఎక్కిన పేరు కొట్టించడం మాత్రం రెండిటికీ చేతనవును. అందుకని నేను ఇద్దరికీ సమానంగా నవ్వుతూ వచ్చాను. వాళ్ల ధర్నాలో టీ తాగితే, వీళ్ల నిరాహారదీక్షలో అరటిపండు బజ్జీ తిన్నాను. వత్సల మన మనిషే అని వాళ్లూ అనుకున్నారు, మన మనిషే అని వీళ్లూ అనుకున్నారు. ఇప్పుడు ఎర్ర డబ్బాలో కాగితం ముక్క వేశానా, నా బతుకు బజార్న పడ్డట్టే.

నేను భయపడ్డట్టే మర్నాడు పొద్దున్నే ఆంటో మేడం గదిలోకి వెళ్లాడు.

"మా వాళ్లు ఆ డబ్బాలో వేయరండి."

"ఎందుకు వేయరు? అది డబ్బా ఆంటోగారూ."

"డబ్బానే. ఆ డబ్బా ఏం చెబుతోందో కూడా చూడాలి కదండీ."

మేడం కాసేపు తల పట్టుకుని, సాయంత్రానికల్లా తెల్ల డబ్బా కూడా తెప్పించింది. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. అందరికీ హుషారు రావాలని, పక్కన నల్లబల్ల పెట్టించి, వారం వారం ఏ డబ్బాలో ఎన్ని కిలోలు పడిందో సుద్దముక్కతో రాయించింది. మహాతల్లి.

మొదటి శుక్రవారం ఎరుపు గెలిచింది. ఆంటో మొహం మాడిపోయింది. సోమవారం ఆయన మనుషులు ఇంట్లో ఉన్న పాత పేపర్లన్నీ స్కూటర్లకి కట్టుకుని తెచ్చారు. తెలుపు గెలిచింది. అప్పుడు కుంజికణ్ణన్ మనుషులు పిల్లల పరీక్ష కాగితాలు, పెళ్లి శుభలేఖలు, అగ్గిపెట్టెల అట్టలు కూడా మోసుకొచ్చారు. వాటితోనూ సరిపోకపోతే కంప్యూటర్ల ముందు కూర్చుని, ఎప్పుడో చచ్చిన సర్క్యులర్లు వేడివేడిగా ప్రింటు తీసి, వాటిని వేడిగానే తీసుకెళ్లి డబ్బాలో వేయడం మొదలెట్టారు. స్టోరులో కొత్త కాగితం అయిపోయింది. నీళ్ల బిల్లు అడగడానికి వచ్చిన పెద్దాయనకి లెక్క రాసివ్వడానికి చిత్తుముక్క దొరక్క ఆయన అరచేతి మీద రాసి పంపారు. పైఆఫీసు నుంచి మాత్రం మేడానికి అభినందనలు వచ్చాయి, జిల్లాలో ఇంత చెత్త కాగితం ఇంకే ఆఫీసూ ఇవ్వలేదని.

ఈ గొడవలో అందరి చూపూ నా మీద పడింది. ఆఫీసుకొచ్చే ఉత్తరాలన్నీ చింపేది నేనే కదా, కవర్ల గుట్టంతా నా దగ్గరే. అది ఏ డబ్బాలో పడితే ఆ డబ్బాదే గెలుపు. నేను ఎందులోనూ వేయకుండా గోనెసంచుల్లో కుక్కి బల్ల కింద దాచాను. సంచుల మీద కాళ్లు పెట్టుకుని, మోకాళ్లు గడ్డానికి తగిలేట్టు కూర్చుని ముద్రలు కొడుతుండేదాన్ని.

ముందు కుంజికణ్ణన్ వచ్చాడు. "సఖావే వత్సలా, కాళ్లు నొప్పెట్టట్లేదూ?"

"అలవాటైపోయింది సార్."

"మోసేవాళ్లు లేక అలా పెట్టుకున్నావు గానీ, చెబితే మా కుర్రాళ్లు లేరూ?"

ఆయన అటు వెళ్లాడో లేదో ఆంటో వచ్చి బల్ల కిందకి వంగి చూశాడు. చొక్కా నలుగుతున్నా చూశాడు.

"చెల్లెమ్మా, బదిలీ అర్జీ పెట్టావటగా. మనవాళ్లు పైన ఉన్నారు. ఆ మాట గుర్తుంచుకో."

"గుర్తుంది సార్. అందుకే కదా ఇలా కూర్చున్నా."

ఆయనకి అర్థం కాలేదు. అర్థం కాకపోవడమే మంచిదైంది.

ఆ శుక్రవారం అసలు యుద్ధం జరిగింది. తెల్ల డబ్బా కాగితం తడిసి ఉందని, బరువు కోసం నీళ్లు చల్లారని కుంజికణ్ణన్ ఒంటికాలి మీద లేచాడు.

"నీళ్ల ఆఫీసు కదా, పైపు పగిలి ఉంటుంది" అన్నాడు ఆంటో తాపీగా. "మీ డబ్బా తిరగెయ్యండి ముందు."

తిరగేస్తే ఎర్ర డబ్బా అడుగునుంచి పీచు తీయని కొబ్బరికాయ దొర్లుకుంటూ వచ్చి మేడం కాళ్ల దగ్గర ఆగింది.

"అది కాగితం ఎలా అవుతుంది?" అంది మేడం నీరసంగా.

"పీచుతో కూడా కాగితం చేస్తారు మేడం" అన్నాడు కుంజికణ్ణన్.

మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక తూకం వేయడానికి ఎవరో ఒకరు ఏ వైపూ కాని మనిషి కావాలంది. అప్పుడు ఇద్దరు నాయకులూ ఒకేసారి నా వైపు తిరిగి, "వత్సల అయితే మాకు సమ్మతమే" అన్నారు. ఆ భవనానికి పునాది వేసిన దగ్గర్నుంచి ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడ్డది అప్పుడే.

అలా తూకం నా చేతికొచ్చింది. డబ్బాలు తిరగేసి, రాళ్లూ రప్పలూ ఏరి, తూచి, నల్లబల్ల మీద రాశాను. నా సంచుల్ని కూడా చెరిసగం చేసి రెంటిలోనూ వేశాను. దొంగ సర్క్యులర్లు ఆగిపోయాయి, కొత్త కాగితం మళ్లీ స్టోరులో కనబడింది. మేడం నన్ను పిలిచి టీ ఇచ్చింది. నిజం చెప్పొద్దూ, నాకు కూడా కాస్త గర్వం కలిగింది.

ఆ గర్వం ఎన్నాళ్లో నిలవలేదు. బదిలీ జాబితా తయారవుతోందని, అందులో నా పేరుందని పైనుంచి కబురొచ్చింది. ఆ రోజంతా ముద్రలు కొడుతూ కూనిరాగం తీశాను. సాయంత్రం కుంజికణ్ణన్, ఆంటో కలిసి నా బల్ల దగ్గరకొచ్చారు. పక్కపక్కనే నిలబడ్డారు. ఆ దృశ్యం చూస్తేనే నాకు అనుమానం రావాల్సింది.

"చెల్లెమ్మా, నీకు ఇంతకంటే గౌరవం ఎవరూ చేయలేరు" అన్నాడు ఆంటో, ఒక కాగితం బల్ల మీద పెడుతూ.

రెండు సంఘాలూ కలిసి సంతకాలు పెట్టిన వినతి అది. శ్రీమతి వత్సలను కదిపితే ఈ కార్యాలయంలో శాంతికి భంగం కలుగుతుందని, కాబట్టి ఆమె పేరు జాబితాలోంచి తీసేసి మరో అయిదేళ్లు ఇక్కడే ఉంచాలని రాశారు.

కాగితం చేతిలోకి తీసుకున్నాను. "నన్ను అడగకుండా..."

"అడిగితే వద్దంటావని తెలుసు సఖావే. నీకు పదవులంటే మోజు లేదు" అన్నాడు కుంజికణ్ణన్, కళ్లు చెమర్చి. "నంబరేసి ఇవాళే తపాలాలో పంపించెయ్. రేపటితో గడువు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లు ఇంటికెళ్లడం కోసం ఎవరి వైపూ కాకుండా బతికాను. ఎవరి వైపూ కాను కాబట్టే ఇప్పుడు ఇంటికెళ్లనివ్వరట. ఆ పూల గాజు గ్లాసు కళ్ల ముందు కదిలింది. ఇంకో అయిదేళ్లకి మాలు నాకు పక్క కూడా చుట్టాల గదిలోనే వేస్తుంది.

తపాలాలో ఏది వెళ్లాలన్నా నా చేతి మీదుగానే వెళ్లాలి. ఆ సంగతి నాయకులిద్దరికీ తట్టలేదు.

లేచి వరండాలోకి నడిచాను. అక్కడ ఇద్దరూ నిలబడి బీడీ ఒకరు, సిగరెట్ ఒకరు కాలుస్తున్నారు. వాళ్ల ముందే ఆ కాగితాన్ని, రాత లోపలికి మడిచి, నిలువునా చింపాను. ఒక సగం ఎర్ర డబ్బాలో, ఒక సగం తెల్ల డబ్బాలో వేశాను.

"చూశావా ఆంటో, కాగితం ముక్కనైనా చెరిసగం చేసే వేస్తుంది" అన్నాడు కుంజికణ్ణన్.

"అందుకే కదయ్యా ఆవిణ్ణి పోనివ్వకూడదన్నది" అన్నాడు ఆంటో.

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. వీడ్కోలు రోజున కుంజికణ్ణన్ నన్ను పక్కకి పిలిచి, "ఆ ఖద్దరు వాళ్ల మాట చెల్లకుండా చేసి నీ పని చేయించింది మేమే, మనసులో పెట్టుకో" అన్నాడు. మెట్ల దగ్గర ఆంటో పట్టుకుని, రంగు ఒక్కటి మార్చి అదే మాట చెప్పాడు. ఇద్దరికీ చేతులు జోడించాను. మేడం మాత్రం, "వత్సలగారూ, తపాలాలు అప్పుడప్పుడూ తప్పిపోతుంటాయి కదూ" అంది. అందుకే అన్నాను, మంచి మనిషని.

చేర్తలలో చేరిన మొదటి వారం. సాయంత్రం ఆఫీసు నుంచి నడుచుకుంటూ ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, గుమ్మంలో కాసేపు నిలబడ్డాను. మాలు నేల మీద బోర్లా పడుకుని లెక్కలు చేసుకుంటోంది. తలెత్తలేదు.

"దాహంగా ఉంది తల్లీ."

"కుండలో ఉన్నాయమ్మా, నువ్వే ముంచుకో. నాకిక్కడ భాగహారం తెగట్లేదు."

స్టీలు గ్లాసుతో ముంచుకుని, వంటింట్లో నిలబడి కడుపునిండా తాగాను.