నూట ఇరవైలో గవరమ్మ

మూడు వందల ఆరో ఫైలు. నీలిగీత చివరికంటా పాకి ఆగింది. నూకయ్య కుడిమూల బొత్తాం నొక్కి, నోటుపుస్తకంలో ఒక గీత గీశాడు. అతని చదువు ఐదో తరగతితో ఆగింది. తెర మీది ఇంగ్లీషు చదవలేడు. పైనుంచి ఎన్నో వరుస, ఏ మూల బొత్తాం అన్నది చూపుతోనే బట్టీ పట్టాడు.

పద్మారావు నగర్‌లో ఓ మేడ కింద, సెల్లారులో ఉంది ఆ రికార్డింగు గది. పై అంతస్తుల్లో జావా నేర్పుతారు. పది కాగానే నెత్తిమీద వందల చెప్పులు నడుస్తాయి. గోడలకు కొట్టిన స్పాంజి ఆ చప్పుడునూ ఆపలేదు, చెమ్మనూ ఆపలేదు.

పాత కంప్యూటరులో నాలుగు వందల పన్నెండు లూపులున్నాయి. లూపంటే నాలుగు వరుసల సంగీతం ముక్క. ఎన్నిసార్లు తిప్పితే అంత పాట. వాటిని ఆ పాత సాఫ్ట్‌వేరు తప్ప మరేదీ తెరవలేదు. ఒక్కొక్కటీ తెరిచి, అన్ని కంప్యూటర్లలో పలికే మామూలు వేవ్ ఫైలుగా మార్చి, కొత్తదాంట్లో వెయ్యాలి. సాయంత్రం నాలుగింటికి పాతదాన్ని కొన్నవాడు వస్తాడు.

నూట పద్నాలుగు లూపుల్లో మోగేవి నూకయ్య చేతులే. విజయనగరం అవతలి పల్లెనుంచి ఢోలక్ భుజాన వేసుకొచ్చి, ఇరవై రెండేళ్లు ఈ ఊళ్లో భక్తి క్యాసెట్లకూ సబ్బుల ప్రకటనలకూ వాయించాడు. ఆర్థర్ అనే రికార్డిస్టు ఒక వేసవంతా కూర్చోబెట్టి ఆ చేతుల్ని ముక్కలు ముక్కలుగా పట్టుకున్నాడు. ఆ తర్వాత చేతులతో ఎవరికీ పని లేకపోయింది. యజమాని వెంకటరత్నం జాలిపడి ఉంచుకున్నాడని అందరూ అన్నారు. జాలి కాదు. ఏ ముక్క ఏ తాళమో చెప్పేవాడు కావాలి.

దానికి బాధపడే రోజులు నూకయ్యకు దాటిపోయాయి. ఇవాళ అతనికి కావలసింది మూడు వందల తొంభై ఒకటో ఫైలు.

అది గవరమ్మ. అతని భార్య. పోయి పదిహేడు నెలలు. ఒకసారి అన్నం తెచ్చినప్పుడు ఆర్థర్ మైకు పరీక్షకని ఆమెను నిలబెట్టాడు. సిగ్గుపడి గోడవైపు తిరిగి, నాలుగు వరుసల కూనిరాగం తీసింది. ఆర్థర్ దాన్నీ లూపు చేసి, ఆడగొంతుల కింద ఒక అంకె వేసి పడేశాడు. మొన్న మంగళవారం జాబితాలో దొరికింది. నూకయ్య ఒక్కసారే విన్నాడు. ఇంట్లో ఆమె ఫొటో ఉంది, రెండు చీరలున్నాయి. గొంతు మాత్రం ఈ డబ్బాలో తప్ప లోకంలో ఎక్కడా లేదు.

వెంకటరత్నం తలుపు తోసుకుని వచ్చాడు.

“ఇంకా ఎన్నున్నాయి నూకయ్యా?”

“వందుంటాయి బాబూ.”

“వింటా కూచోకు. మార్చి పడెయ్, అంతే. వేగం నూట ఇరవై మీదే ఉందిగా?”

“ఉంది బాబూ. మీరెట్టిందే.”

నిమిషానికి నూట ఇరవై దెబ్బలు. లూపును ఏ వేగంలో పట్టినా, మార్చేటప్పుడు సాఫ్ట్‌వేరు దాన్ని సాగదీసో కుదించో ఆ వేగానికి తెస్తుంది. అప్పుడే ఏ ముక్కకు ఏ ముక్కయినా అతుకుతుంది. ఢోలక్ వాడికి ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

“రేపట్నించి నీకీ తిప్పలేం ఉండవులే. నీ చేతులు రెండూ లోపలే ఉన్నాయిగా!” అని వెంకటరత్నం నవ్వాడు.

నూకయ్యా నవ్వాడు. యజమాని నవ్వితే నవ్వడం ఇరవై రెండేళ్ల అలవాటు.

మూడున్నరకు ఆ ఫైలు వచ్చింది. వినలేదు. పనంతా అయ్యాక, తొందరపెట్టేవాళ్లు లేనప్పుడు వినాలనుకున్నాడు. అదే వరుస, అదే బొత్తాం. నీలిగీత చప్పున అయిపోయింది. చిన్న ఫైలు కాబోలు అనుకున్నాడు.

నాలుగింటికి పాత కంప్యూటర్లు కొనే పర్వతాలు వచ్చాడు.

“ఏంది కాకా, ఇంకా గాలేదా? జెర జల్ది కానియ్. ఆటో బయట పెట్టొచ్చిన.”

“అయిపోనాది బాబూ.”

“అంత తీసుకున్నవా? తుడిచినంక మల్ల అడిగితే నా తాన ఉండదు.”

“తీసుకున్నాను.”

పర్వతాలు డిస్కు మొత్తం తుడిచేశాడు. “పుట్టిననాటి లెక్కయింది సూడు!” అని, డబ్బాను గోనెపట్టాలో చుట్టి యాప్రాల్‌లో ఎవరిదో ఇంటర్నెట్ సెంటరుకు పట్టుకుపోయాడు.

నూకయ్య జేబులోంచి కొత్త సీడీ తీసి ఆ ఒక్క ఫైలూ ఎక్కించాడు. మార్కరుతో పేరు రాశాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

గొంతు ఆమెదే. శ్రుతీ అదే. కానీ పరుగెత్తుతోంది. పందొమ్మిది సెకన్ల కూనిరాగం పది సెకన్లలో ముగిసి మళ్లీ మొదలైంది. రెండో వరుసకు ముందు ఆమె ఊపిరి తీసుకునే చోట ఊపిరి లేదు. చిటుక్కుమని ఏదో తెగిన చప్పుడు.

ఢోలక్కా, మనిషా అని యంత్రం అడగలేదు. నూకయ్యా అడగలేదు.

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆమె రాగం తీసినప్పుడల్లా అతను అన్నది ఒకటే: “తాళం లేని పాటేటే? లయలో పాడు, నేకపోతే నోర్మూసుకో.” ఆమె మూసుకుంది. చివరి రోజుల్లో ఆస్పత్రి మంచం మీద ఏదో నెమ్మదిగా మొదలుపెట్టి, గుమ్మంలో అతను కనబడగానే ఆపేసింది.

ఇప్పుడు లయలో పాడుతోంది. ఒక్క దెబ్బ తప్పడం లేదు.

నూకయ్య యజమాని దగ్గరికి పరుగెత్తాడు. “బాబూ, దీన్ని నెమ్మది చెయ్యండి. మీ కాళ్లట్టుకుంటాను.”

వెంకటరత్నం వచ్చి ఒకసారి విని, వేగం తగ్గించాడు. గొంతు అతుకులు అతుకులుగా, రేకుడబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది. అది ఆమె కాదు. ఎవరూ కాదు.

“అసలు ఫైలుంటే అయ్యేది. అది పోయాక ఇంతే. అయినా ఇందాకటిదే బావుంది నూకయ్యా, తాళానికి భలే కూచుంది. ఎవరిదీ గొంతు?”

నూకయ్య తెరవైపు చూశాడు.

“ఎవులదో బాబూ.”

మెట్లెక్కాడు. జావా పిల్లలు గుంపుగా దిగివస్తుంటే గోడకు ఒత్తుకుని దారిచ్చి, బొల్లారం బస్సు ఆగే వైపు నడిచాడు. మర్నాడు రాలేదు. వస్తాడని ఎవరూ ఎదురుచూడలేదు.

బల్ల మీద సీడీ ఉండిపోయింది. పొద్దున్న వెంకటరత్నం దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. ఐదో తరగతి గుండ్రటి అక్షరాల్లో గవరమ్మ అన్న పేరు, దాని చుట్టూ గ్లాసు అడుగు మరక, మెల్లగా ఆరుతూ.