ఖాళీ లేని టేబుళ్ళు

తెల్లారేసరికి సింగపూర్ హౌగాంగ్ పేటలో తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కు నీళ్ళు ఆపేశారు. కాంట్రాక్టర్ మనుషులే. నూడుల్స్ కొట్టు లిమ్ అంకుల్ కడగని కూరల ముందు కూలబడ్డాడు. తాత కాకినాడ నుంచి ఓడెక్కి వచ్చి బండి మీద మొదలెట్టిన టీ వ్యాపారం భానుమతిది. ఆమె ఎండిన పంపును తిప్పుతూనే ఉంది.

"రిపేర్ లా," అన్నాడు కాంట్రాక్టర్ మనుషుల్లో ఒకడు, మాట చివర ఈ ఊరి 'లా' తగిలించి.

రిపేరట! ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల మేడ లేపాలని కాంట్రాక్టర్ ఎత్తు. రేపు అధికారి తనిఖీ. నీళ్ళు లేకపోతే వంట లేదు. వంట లేకపోతే జనం రారు. జనం రాని చోటు కనక కూల్చెయ్యమంటారు.

సాయంత్రం 'పాత పేట రక్షణ కమిటీ' పెద్ద రంగనాథ్ మీటింగ్ పెట్టాడు. కంప్యూటర్ కంపెనీ మేనేజరు.

"ఆవేశపడకండి. పేట క్యారెక్టర్ ఎక్కడికీ పోదు. కొత్త బిల్డింగ్‌లో ఎస్కలేటర్ పక్క గోడంతా మీ కొట్ల ఫోటోలే!"

"ఆగండి సార్," భానుమతి లేచింది. "ఇంకా కట్టని బిల్డింగ్‌లో ఎస్కలేటర్ ఎక్కడుందో మీకెవరు చెప్పారు?"

రంగనాథ్ మెల్లిగా జారుకున్నాడు. మిగిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంకెవరెవరు కాంట్రాక్టర్ మనుషులు?

"ధర్నా చేద్దాం ఆంటీ!" అంది యూనివర్సిటీ పిల్ల వసుంధర.

"జెండా ఎత్తితే పర్మిట్ అడుగుతారమ్మా," అంది భానుమతి. "అన్నం తినడానికి అడగరుగా? చోప్ చేద్దాం. ఫోన్లలో మాత్రం వద్దు. గడప గడపకీ నోటితోనే."

మర్నాడు మధ్యాహ్నం అధికారి వచ్చేసరికి అక్కడ ఒక్క మనిషీ లేడు. టేబుల్ టేబుల్‌కీ టిష్యూ పొట్లం ఉంది. పొట్లం పెడితే చోటు పట్టినట్టే. అదే చోప్. ఈ ఊళ్ళో ఎంత పెద్దవాడైనా దాన్ని తియ్యడు.

"చెత్త! ఊడ్చెయ్యండ్రా!" అరిచాడు కాంట్రాక్టర్.

అతని కూలీలు కదల్లేదు. "చోప్ ఆల్రెడీ లా, బాస్. ఎలా తీస్తాం?"

అతనే ఒక పొట్లం విసిరికొట్టాడు.

"అది నా చోటు!" పక్క ఫ్లాట్ల పై అంతస్తు నుంచి వసుంధర గొంతు. ఆ వెంటనే తలుపులు తెరుచుకున్నాయి. చీనావాళ్ళు, మలయ్‌వాళ్ళు, మనవాళ్ళు క్యారేజీలతో దిగొచ్చి ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు.

అధికారి వెనకే వచ్చిన రంగనాథ్ ఒక స్టూల్ మీద కూర్చున్నాడు. "నేనూ మీవాణ్ణే కదా భానుమతి గారూ."

"లెండి సార్. ఇక్కడ మీకు చోటు లేదు."

పోలీసులొచ్చారు. "లీడర్ ఎవరు?" రంగనాథ్ వేలు భానుమతి వైపు తిరిగింది. ఆమెను వ్యాన్ ఎక్కించారు.

"ఇంక లేవండి!" మిగిలినవాళ్ళ మీద అరిచాడు ఒక పోలీసు.

లిమ్ అంకుల్ ముద్ద నములుతూ అన్నాడు:

"ఆమెను దింపు. నీళ్ళు వదులు. లేచి వంట మొదలెడతాం."

ఒక్క స్టూలూ ఖాళీ కాలేదు.