ఇంకొక్క మనిషి

రామన్నకుంట పంచాయతీ సమ్మెకు మద్దతు పలికిన రోజున మొగిలమ్మకు తిండి తినే తీరిక కూడా దొరకలేదు. మండలాలు ఇంకా రాని రోజులవి. వరంగల్‌లో పెద్ద దవాఖాన నర్సులు, ఆయాలు జీతాలు పెంచాలని, ఖాళీలు నింపాలని గేటు ముందు టెంటు వేసుకుని కూర్చుని అప్పటికి ఎనిమిది రోజులైంది. ప్రాణం మీదికి వచ్చిన కేసులను తప్ప లోపలికి తీసుకోవడం లేదు. మరి మిగతా కాన్పులన్నీ ఎటు పోతాయి? ఊరి చివర రెండు గదుల పంచాయతీ కాన్పుల దవాఖానకు వస్తాయి. అంటే మొగిలమ్మ నెత్తి మీదికి వస్తాయి.

అక్కడ ఒకప్పుడు ఇద్దరు ఉండేవారు, నర్సు భారతి, ఆయా మొగిలమ్మ. రెండేళ్ల కింద భారతికి పెద్ద దవాఖానలో సర్కారు నౌకరీ దొరికి వెళ్లిపోయింది. ఆమె కుర్చీ అట్లాగే ఖాళీగా ఉండిపోయింది. నీళ్లు తోడేదీ కాచేదీ మొగిలమ్మే, కాన్పు చేసి బొడ్డు కోసేదీ మొగిలమ్మే, ఆ తరువాత నెత్తుటి గుడ్డలు ఉతికేదీ మొగిలమ్మే. “ఇంకొక్క మనిషిని ఇయ్యిండ్రి” అని ఆమె సర్పంచును అడగని నెల లేదు. “చూద్దాం తియ్” అని ఆయన అనని నెలా లేదు.

సర్పంచు వీరభద్రానికి ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి అడ్తి దుకాణం ఉంది. మనిషి చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకోవచ్చు. ఈయన ఎవరి కష్టం విన్నా కళ్లనీళ్లు పెట్టుకునే రకం. కాకపోతే ఆ కష్టం తన గడపకు కాస్త ఎడంగా ఉండాలి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్న సామెత ఎవరి కోసం పుట్టిందో గాని రామన్నకుంట పంచాయతీకి కుట్టించినట్టు సరిపోయింది.

ఆ రోజు ఆయన సభ్యులందరినీ కూర్చోబెట్టి తీర్మానం రాయించాడు. పంచాయతీ క్లర్కు కిషన్ రావు దాన్ని మైకులో ఊరంతటికీ చదివి వినిపించాడు. “ఒక్క నర్సు చేత ముగ్గురి పని చేయించుట అన్యాయమని ఈ పంచాయతీ ఏకగ్రీవంగా భావించుచున్నది” అని మైకు మోగినప్పుడు మొగిలమ్మ బావి దగ్గర దుప్పట్లు పిండుతోంది. పిండిన దుప్పటి పిండినట్టే వదిలేసి, తడిచేతులతోనే ఆఫీసుకు నడిచింది.

“సేటూ, మైకుల మంచిగ చెప్పిండ్రు. మరి నా సంగతేంది? నేను గూడ ముగ్గురి పని చేత్తాన గద!”

వీరభద్రం నవ్వాడు. “గదీ గిదీ ఒక్కటెట్లయితదే మొగిలమ్మా? వాళ్లు సర్కారోళ్లు, సర్కారుతోని కొట్లాడుతాండ్రు. నువ్వు మనింటి మనిషివి. మనింట్ల మనకు సమ్మె ఏంది?”

“మనింటి మనిషినే గద, నాకో తోడియ్యరాదా?”

“ఇస్త తియ్. ముందుగాల గీ సమ్మె ఒడువనియ్యి. నువ్వు ఫికర్ పడకు.”

సభ్యులూ నవ్వారు. ఫికర్ పడడానికి మొగిలమ్మకు టైమెక్కడిది? అప్పటికే ఇద్దరు గర్భిణులు దవాఖాన అరుగు మీద కూర్చుని మూలుగుతున్నారు.

మర్నాడు సమ్మె చేసేవాళ్ల కోసం సర్పంచు రెండు డేగిశాల అన్నం వండించి ట్రాక్టరులో పంపించాడు. ఆ మధ్యాహ్నం కాన్పులేవీ లేకపోవడంతో మొగిలమ్మ అదే ట్రాక్టరెక్కి టెంటు దగ్గర దిగింది. అక్కడ ముందు వరుసలో ఉన్నది భారతే. ఇప్పుడు ఆమె యూనియన్ లీడరు.

“భారతమ్మా, నేను గూడ మీ పక్కన కూసుంట. నాదీ గదే బాధనాయె.”

భారతి ఆమెను పక్కకు తీసుకుపోయింది. “అక్కా, నీ బాధ నాకెరుకలేదా? కానీ యూనియన్ల సర్కారోళ్లే ఉండాలె. అండ్ల మీ సర్పంచు మాకు బువ్వ పంపుతాండు. ఆయన మీదికే నువ్వు ఈడ కూసుంటే మాకు మొకం చెల్లుతదా? జర ఓర్సుకో. మేం గెలిచినంక నీ గురించి నేనే మాట్లాడుత.”

‘ఆ కుర్చీ ఖాళీ చేసి పోయింది నువ్వే గదమ్మా’ అన్న మాట మొగిలమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటే ఇదే కాబోలు. తిరుగు ట్రాక్టరులో ఖాళీ డేగిశాల మధ్య కూర్చుని, ఊరొచ్చేదాకా లోలోపల అందరినీ వరసబెట్టి తిట్టుకుంది. ఆ తిట్లలో తన మంచితనానికీ వాటా పెట్టింది.

తెల్లారి దవాఖాన తలుపుకు తాళం వేసి గడప మీద కూర్చుంది. టెంటు లేదు, మైకు లేదు, మద్దతుకు కాకి కూడా లేదు. గంటలో సర్పంచు వచ్చాడు. వెనకాల నలుగురు సభ్యులు, చంకలో తీర్మానాల పుస్తకంతో కిషన్ రావు.

“ఎవలు నేర్పిండ్రే నీకిది?”

“ఇంకెవలు సేటూ? మీరే. మొన్న మైకుల.”

వీరభద్రం ముఖం మాడిపోయింది. “పంచాయతీ ఇజ్జత్ తీత్తానవే! పేపరోళ్లకు తెలిస్తే ఏమన్న ఉన్నదా?”

“ఇంకో మనిషిని పెడుతున్నమని గా బుక్కుల రాయిండ్రి. ఇప్పుడే తాళం తీస్త.”

పేపరు భయం గట్టిదే. సభ్యులు గుసగుసలాడుకున్నారు. ఒకరిద్దరు ‘రాసేద్దాం తియ్యిండ్రి’ అన్నారు కూడా. కిషన్ రావు అరుగు మీద పుస్తకం తెరిచి, తేదీ వేసి, సర్పంచు ముఖం వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే మిర్చి బస్తాలు మోసే తోపుడుబండి ఒకటి గేటులోకి వచ్చింది. తోస్తున్నది యార్డు హమాలీ కొమురెల్లి. బండి మీద అతని పెండ్లాం రాజక్క నొప్పులతో మెలికలు తిరిగిపోతోంది.

అందరూ మొగిలమ్మ వైపు చూశారు. ఆమె లేస్తుందని వాళ్లకు తెలుసు. లేస్తానని ఆమెకూ తెలుసు. ఆమె మంటంతా అదే.

“నేను లోపటికి పోతాన. మీరు రాసుడు ఆపకుండ్రి” అని తాళం తీసింది.

గంట తిరక్కుండా మగపిల్లవాడు పుట్టాడు. ఏడుపు వినబడగానే బయట అందరి గుండెలూ తేలికపడ్డాయి. కిటికీలోంచి వీరభద్రం గొంతు స్పష్టంగా వచ్చింది.

“చూసిండ్రా? ఒక్కతే ఎంత సులువుగ చేసిందో! గింత పనిమంతురాలు ఉండంగ ఇంకో మనిషెందుకయ్యా, దండుగ! మూయి, మూయి బుక్కు.”

మొగిలమ్మకు ఒళ్లంతా కారం పూసినట్టయింది. పని చెయ్యకపోతే పాపం, చేస్తే ఇదీ ఫలం. కానీ ఆ కోపానికీ వేళ లేదు. రాజక్కకు నెత్తురు ఆగడం లేదు. కిటికీలోంచి కేకేసి కొమురెల్లిని డాక్టరు కోసం పరుగెత్తించింది. రెండు చేతులూ తల్లికే కావాలి, పిల్లవాడేమో చేతుల్లో ఉన్నాడు. గుడ్డలో చుట్టి గబగబా బయటికొచ్చి, ఎదురుగా ఉన్న సర్పంచు చేతుల్లో పెట్టింది.

“పట్టుండ్రి సేటూ. మెడ కింద చెయ్యి పెట్టుండ్రి. తల్లికి నెత్తురు ఆగుతలేదు.”

జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది.

వీరభద్రం తన మనవలను కూడా స్నానం చేయించి పౌడరు అద్దిన తరువాతే ఎత్తుకున్న మనిషి. ఈ పిల్లవాడు ఇంకా తడితడిగా, జారిపోయేట్టున్నాడు. ఆయన వాడిని ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకున్నాడు. పక్కకు చూస్తే సభ్యులు ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తున్నారు. కిషన్ రావు పుస్తకాన్ని రెండు చేతులతో గుండెకు హత్తుకున్నాడు.

“అరె, నాతోని గాదయ్యా! జర ఎవలన్న రాండ్రి! మొగిలీ, ఓ మొగిలమ్మా! ఎవలన్న ఒక్క మనిషి రాండ్రి, ఒక్క మనిషి!”

రాజక్క పొత్తికడుపు మీద బలమంతా పెట్టి అదుముతూ మొగిలమ్మ ఆ కేకలు వింది. నెత్తురు కొద్దికొద్దిగా తగ్గుముఖం పడుతోంది. ఇప్పుడు చేతులు తీయకూడదు. బయట ఆయన పిలుస్తూనే ఉన్నాడు. పిల్లవాడు ఏడుస్తూనే ఉన్నాడు. వెళ్లి అందుకుందామంటే, ఇక్కడ చెయ్యి మార్చుకోవడానికి ఇంకో మనిషి లేదు.